కాళ్లు చూసే మనిషి

మా రాజాం సంత ఊరు. ఇక్కడికి పై ఊళ్లనుంచి వచ్చే పెద్దమనుషుల్లో చాలామంది ఏదో ఒకటి చూసి బేరమాడడానికే వస్తారు. ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి గింజ కొరికి చూసేవారు, గోగునార పీచు సాగదీసి చూసేవారు, ఎడ్ల పళ్లు లెక్కపెట్టేవారు, ఆడపిల్లని చూసుకుపోదామని వచ్చి ఉప్మా తిని, 'ఏ సంగతీ ఫోను చేసి చెబుతాం' అని వెళ్లిపోయేవారు - వీళ్లందరినీ చిన్నప్పటినుంచీ ఎరుగుదును. కాని పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్ల మొగపిల్లల కాళ్లు చూడడానికి ఒక మనిషి పనిగట్టుకు రావడం మాత్రం 2025 సంక్రాంతికే మొదటిసారి చూసేను.

ఆయనది విశాఖపట్నం. ఒకప్పుడు తానూ కబడ్డీ ఆడినవారే. ఉద్యోగం నుంచి రిటైరయిన తరవాత ప్రొఫెషనల్ కబడ్డీ జట్లలో ఒకదానికి కుర్రాళ్లని చూసిపెట్టే పని పెట్టుకున్నారు. ఏ జట్టో చెప్పను. చెప్పవద్దని ఆయన కోరేరు. మా కాలేజీ ఫిజికల్ డైరెక్టరుగారికి పాత స్నేహితుడు. పండగకి మా ఊళ్లో కబడ్డీ పందేలు జరుగుతాయి. వంగర, సంతకవిటి, పాలకొండ, చీపురుపల్లి వైపునుంచి జట్లు వస్తాయి. ఫిజికల్ డైరెక్టరుగారు ఆ మూడు రోజులూ మైకు దగ్గరే ఉండాలి గనక, వచ్చిన అతిథి పక్కన కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పే బాధ్యత నామీద పడింది. తెలుగు లెక్చరరుకీ కబడ్డీకీ ఏమిటి పొత్తు అని మీరు అడగవచ్చు. ఆడేవాళ్లలో ఇద్దరు నా క్లాసు పిల్లలు. అదీ పొత్తు.

ఈ వ్యవహారమంతా ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. మన చెడుగుడు 2014లో ప్రో కబడ్డీ లీగు పేరుతో టెలివిజన్‌కి ఎక్కింది. మట్టి పోయి మ్యాటు వచ్చింది, కాళ్లకి బూట్లు వచ్చేయి. ఎనిమిది జట్లతో మొదలై 2017 నుంచి పన్నెండయ్యేయి. అందులో తెలుగు టైటాన్స్ మొదటి ఏడు ఆడింది మన విశాఖపట్నంలోనే. ఆటగాళ్లని వేలంపాటలో కొంటారు. 2014 పాటలో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేష్ కుమార్ ధర 12 లక్షల 80 వేలు. 2023లో పవన్ సెహ్రావత్‌ని టైటాన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేలకి పాడుకున్నారు. తొమ్మిదేళ్లలో కూత పెట్టేవాడి ఊపిరి ధర ఇరవై రెట్లయింది.

అయితే పేరుపడ్డవాణ్ణి పాటలో కొనడానికి డబ్బుంటే చాలు. పేరు పడనివాణ్ణి, ఇంకా జూనియర్ ఆటలు ఆడుతున్నవాణ్ణి, పాటకి ముందే పసిగట్టి తెచ్చుకోవడానికి మాత్రం కళ్లు కావాలి. కొత్త కుర్రాళ్లని పాటతో నిమిత్తం లేకుండా నేరుగా జట్టులో చేర్చుకునే వీలు ఈ లీగులో ఉంది. 2018లో ఢిల్లీ జట్టు అలా పట్టుకొచ్చిన హర్యానా కుర్రాడు నవీన్ కుమార్ తరవాత వరసగా రెండు సీజన్లు లీగులో మేటి ఆటగాడనిపించుకున్నాడు. అలాంటివాడు ఒక్కడు దొరికితే జట్టు దశ తిరిగిపోతుంది. అంచేతనే మా అతిథిలాంటివాళ్లు పండగపూట ఇల్లు వదిలి ఊళ్లు పట్టుకు తిరుగుతారు.

ఈ ఎంచుకోవడంలో ఇంకో పద్ధతి ఉంది. దాన్ని డ్రాఫ్టు అంటారు. 2022లో మొదలైన అల్టిమేట్ ఖోఖో లీగులో దీన్నే పెట్టేరు. ఇందులో పాట ఉండదు. ఆటగాళ్లని తరగతులుగా విడదీసి ధర ముందే కట్టేస్తారు. జట్లవాళ్లు వంతుల ప్రకారం ఒక్కొక్కణ్ణి ఎంచుకుంటారు. మా మేనల్లుడు కెనడాలో ఉంటాడు. అక్కడ మంచుమీద ఆడే హాకీకి ఈ డ్రాఫ్టు 1963 నుంచీ ఉందని వాడు చెప్పేడు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని ముప్ఫైరెండు జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయట. కిందటేడు అడుగున ఉన్న జట్లకి ముందు వంతు దక్కేటట్టు ఏర్పాటు. ఏళ్ల తరబడి వందలమంది మనుషులు చలిలో మెట్లమీద కూర్చుని కుర్రాళ్ల గురించి పుస్తకాలు నింపుతారు. అంతా చేసి 1999లో స్వీడన్ కుర్రాడు జెటర్‌బర్గ్‌ని 210వ వంతు దాకా ఎవరూ తీసుకోలేదు. అతను తరవాత ఆ జట్టుకి కెప్టెన్ కూడా అయ్యేడు.

మా ఊరికి ఈ బేరాలతో చుట్టరికం లేకపోలేదు. రాజాంలో పుట్టి, గోగునార మిల్లుతో మొదలుపెట్టి, విమానాశ్రయాలు కట్టేదాకా వెళ్లిన గ్రంధి మల్లికార్జునరావుగారి పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఈ జట్ల మీద కూడా ఉన్నాయి. 2008లో ఢిల్లీ క్రికెట్ జట్టు, 2017లో యూపీ యోధా కబడ్డీ జట్టు, 2022లో ఖోఖోకి తెలుగు యోధాస్ - ఇవన్నీ ఆ సంస్థ తీసుకున్నవే. మొదటి ఏడు ఖోఖో ఫైనల్లో తెలుగు యోధాస్ ఒడిశా జట్టు చేతిలో ఒకే ఒక్క పాయింటుతో, 45-46తో, ఓడిపోయింది. ఆ రాత్రి మా వీధిలో టీవీ ముందు కూర్చున్న ముసలాయన ఒకాయన, 'మనోల జట్టే కదా, ఒక్క పాయింటు సర్దుకోనేకపోనారా' అని బాధపడ్డాడు. ఆ జట్టులో మనవాళ్లు ఎంతమంది అనేది వేరే సంగతి.

ఇక పందేల సంగతికి వస్తాను.

వంగర కుర్రాడనీ సంతకవిటి కుర్రాడనీ అంటాను. అసలు పేర్లు వద్దు. ఇద్దరూ బి.ఏ. రెండో సంవత్సరం. వంగర కుర్రాడు రైడరు. కూతకి వెళ్లేడంటే చాలు, గోడలమీదున్నవాళ్లు ఈలలు వేస్తారు. గాలిలోకి ఎగిరి ఇద్దరి మీదనుంచి దూకి గీత దాటడం వాడికి అలవాటు. అది ఫోన్లలో తీసి ఊరంతా పంచుకున్నారు. సంతకవిటి కుర్రాడు ఎడమ మూల నిలబడి పట్టు పట్టేవాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. క్లాసులో మూడో బెంచీలో గోడవార కూర్చుంటాడు. వాడి గొంతు ఎలాగుంటుందో ఏడాదిన్నర తరవాత కూడా నాకు సరిగా తెలియదు.

మొదటిరోజు ఆట మొదలయ్యేక అతిథి ఎటు చూస్తున్నారో నాకు బోధపడలేదు. రైడరు కుడిపక్కకి వెళ్తే ఆయన ఎడమపక్క చూస్తున్నారు. ఊరంతా లేచి నిలబడి కేకలు వేస్తూంటే ఆయన వొంగి నేలకేసి చూస్తున్నారు. చూపు ఆనదేమోనని అనుమానం వచ్చి, అడిగేశాను.

"మేష్టారూ, ఆ వెళ్లేవాణ్ణి ఊరంతా చూస్తోంది. వాడు మీకెలా కనిపిస్తాడో నాకూ అలాగే కనిపిస్తాడు. దానికి నేనెందుకు?" అన్నారాయన. "నేను కాళ్లు చూస్తున్నాను."

కాళ్లలో ఏముందో ఆయన మూడు రోజులు చెప్పేరు. కోర్టు పదమూడు మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు. కూతకి ముప్ఫై సెకన్లు. ఆ ముప్ఫై సెకన్లలో మూలనున్నవాడు ఎన్నిసార్లు అనవసరంగా అడుగు వేసేడు? మడమ నేలకి ఆనించి నిలబడుతున్నాడా, మునివేళ్ల మీద ఉన్నాడా? రైడరు చేతులూ కళ్లూ అబద్ధాలాడతాయి, నడుము అబద్ధమాడలేదు. పట్టేవాడు చూడవలసింది నడుము. నడుము చూస్తున్నవాడి కాళ్లు తొందరపడవు. మన కుర్రాళ్లు మట్టిలో ఒట్టికాళ్లతో ఆడి కాలివేళ్లతో నేలని పట్టుకోవడం నేర్చుకుంటారు. మ్యాటు మీద బూట్లలో ఆ వేళ్లు పనికిరావు. అప్పుడు తుంటినుంచి బలం తెచ్చుకోగలిగినవాడే నిలుస్తాడు. తెచ్చుకోగలడా లేదా అనేది మట్టిలో ఆడుతున్నప్పుడే కనిపెట్టాలి. ఇది చెప్పినంత సులువు కాదు.

ఇంకొకటి చూసేరు. కబడ్డీలో ఔటయినవాడు పూర్తిగా పోడు. తనవాళ్లు పాయింటు తెస్తే మళ్లీ లోపలికి వస్తాడు. ఔటయి గీతబయట కూర్చున్న ఆ రెండు మూడు నిమిషాలూ ఒక్కొక్కడు ఏం చేస్తున్నాడో ఆయన ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఒకడు నీళ్లు తాగుతాడు. ఒకడు గేలరీలో ఎవరున్నారో చూస్తాడు. ఒకడు అంపైరుని తిడతాడు. సంతకవిటి కుర్రాడు గొంతుక్కూర్చుని ఎదటి జట్టు రైడరు వెనక్కి వెళ్లేటప్పుడు ఏ కాలు ముందు తిప్పుతున్నాడో చూస్తున్నాడు. లోపలికి వచ్చిన రెండో కూతలోనే ఆ కాలే పట్టేడు. చీలమండ దగ్గర, రెండు చేతులతో, నిశ్శబ్దంగా. చప్పట్లు పెద్దగా కొట్టినవాళ్లు లేరు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూంటే నాకు భారతంలో నలోపాఖ్యానం గుర్తుకొచ్చింది. తెలుగు లెక్చరరుకి ఇలాంటివే గుర్తుకొస్తాయి, మన్నించాలి. స్వయంవర సభలో ఒకేలా ఐదుగురు నలులు కూర్చున్నారు. నలుగురు దేవతలు, ఒక్కడే మనిషి. దమయంతి ఎలా పోల్చుకుంది? దేవతలకి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలో దండ వాడలేదు, పాదాలు నేలకి ఆనలేదు. అసలు నలుడికి చెమటా ఉంది, దుమ్మూ ఉంది, కాళ్లు నేలమీద ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఘట్టం పాఠం చెబుతున్నాను. ఆవిడ కిందికి చూసిందన్న సంగతి ఇంత స్పష్టంగా ఎప్పుడూ తోచలేదు.

మరునాడు ఆయనతో అదే చెప్పేను. నవ్వి, "ఆవిడకి ఒక్క మాలే. నాకూ రెండు పేర్లే రాయడానికి అనుమతి. ఈ జిల్లా మొత్తానికి," అన్నారు.

జిల్లా అంటే ఏ జిల్లా అని అడిగేను. రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, తరవాత విజయనగరం జిల్లా అయింది కదా. "మీరెక్కడికి మారినా నాకు రెండే," అన్నారు.

ఈ కళ్లు ఎప్పుడూ సరిగానే చూస్తాయా అంటే, చూడవు. ఆయనే ఒప్పుకున్నారు. పవన్ సెహ్రావత్‌ని 2016లో బెంగళూరు జట్టు చేర్చుకుంది. పెద్దగా ఉపయోగించుకోలేదు. 2017లో గుజరాత్ వెళ్లేడు. అక్కడా బల్లమీదే ఎక్కువ కూర్చున్నాడు. 2018 సీజనుకి మళ్లీ బెంగళూరు తీసుకుంది. 2019 జనవరిలో ఫైనల్, ఎదట గుజరాత్ జట్టే. ఒక్కడూ 22 పాయింట్లు తెచ్చి వాళ్లని ఓడించేడు. పర్‌దీప్ నర్వాల్ కథా అలాంటిదే. 2015లో ఇదే బెంగళూరు వాళ్ల దగ్గర ఉన్నాడు, వదిలేసేరు. పట్నా జట్టు తీసుకుంది, వరసగా మూడుసార్లు గెలిచింది. వంగి అవతలివాళ్ల చేతుల కిందనుంచి దూరిపోయే డుబ్కీ అనే విద్య అతనిది. 2017లో ఒక్క సీజనులో 369 రైడు పాయింట్లు తెచ్చేడు. రోజూ ప్రాక్టీసులో కళ్లెదట తిరుగుతున్నవాణ్ణే పోల్చుకోలేకపోతే, మూడు రోజుల పండగ ఆటలో ఎవణ్ణి పోల్చుకుంటాం?

ఒక్కోసారి చూడవలసినవాణ్ణి కాకుండా పక్కనున్నవాళ్లని చూడడంవల్ల మేలు జరుగుతుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1990లో అక్కతో కూడా శిక్షణ శిబిరానికి వెళ్లింది. పిలుపు అక్కకి, ఈ పిల్ల తోడు వెళ్లిందంతే. అక్కడికి వచ్చిన లియోనిద్ తారనెంకో, ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన పెద్ద వస్తాదు, తోడు వచ్చిన పిల్లని చూసి, ఎత్తి చూపించమన్నాడు. తరవాత పదేళ్లకి, 2000లో సిడ్నీలో ఆ పిల్ల 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ. మాకు ఇటుపక్క వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని కలియుగ భీముడన్నారు. కండ విషయంలో ఈ నేలకి లోటు లేదు. లోటు ఉన్నదల్లా చూసేవాళ్లకి.

రెండోరోజు మధ్యాహ్నం ఆయన నన్ను కొన్ని ప్రశ్నలు అడిగేరు. అవి ఆట గురించి కావు.

"వంగర కుర్రాడు క్లాసుకి రోజూ వస్తాడా?"

"సంత రోజుల్లో రాడండి. వాళ్ల నాన్న మిల్లులో కలాసీ. సంతరోజు మూటలు ఎక్కువ. వీడూ వెళ్తాడు."

"ఆలస్యంగా వస్తే ఏమంటాడు?"

"ఏమీ అనడు. గుమ్మం దగ్గర నిలబడతాడు. రమ్మంటే వస్తాడు."

"రెండోవాడు?"

"రోజూ వస్తాడు. మూడో బెంచీ."

ఆయన రాసుకున్నారు. నేను అబద్ధం ఆడలేదు, ఉన్నమాట దాచలేదు. కాని ఆ పెన్సిలు కదులుతూంటే నాకు కడుపులో ఏదోలాగ అయింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇలా ఉండదు. అక్కడ మార్కు వేసేది కాగితానికి.

పండగ అయింది. ఫైనల్లో మావాళ్లే గెలిచేరు. వంగర కుర్రాణ్ణి భుజాలమీద ఎత్తుకుని, 1757 బొబ్బిలి యుద్ధంనాటి తాండ్ర పాపారాయుడు మళ్లీ పుట్టేడని మైకులో చెప్పి, ఊరు తిప్పేరు. అతిథి పుస్తకంలో రాసుకున్న రెండు పేర్లలో ఒకటి సంతకవిటి కుర్రాడిది. రెండోది పాలకొండవైపు జట్టులో ఎవరూ పట్టించుకోని పొడుగాటి కుర్రాడిది. "రైడర్లు వీధికొకడు దొరుకుతాడు మేష్టారూ. మూల పట్టేవాడు జిల్లాకొకడు," అని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయేరు.

నాలుగోరోజు పొద్దున్న వంగర కుర్రాడి తండ్రి మా ఇంటికి వచ్చేడు. అరుగుమీద కూర్చోమంటే కూర్చోలేదు, స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బావూ, ఆ ఇసాపట్నం బాబు మిమ్మల్ని ఏటో అడిగేడంట. మీరేటి సెప్పేరు?"

ఏ మాట అడిగేరో, నేను ఏ మాట చెప్పేనో, ఒక్క అక్షరం వదలకుండా చెప్పేను. రైడర్ల గురించి ఆయనన్న మాట కూడా చెప్పేను. అతను విన్నాడు. చాలాసేపు మాటలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది.

"సంతకెల్లకపోతే సాగదు బావూ. ఆడి అప్ప పెళ్లి అప్పు ఉంది. ఆ సంగతి సెప్పేరా?"

"చెప్పలేదు. ఆయన అడగలేదు."

"అడగరు నెండి. మిల్లుకాడ కూడా అంతే. బస్తా బరువు సూస్తారు గాని మోసినోడి బరువు ఎవులు సూస్తారు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. వెళ్లేముందు అడిగేడు: "ఆడికి పోలీసు ఉజ్జోగానికి ఈ ఆట పనికొస్తాదా?" క్రీడల కోటా గురించి, దానికి కావలసిన సర్టిఫికెట్ల గురించి నాకు తెలిసినంత చెప్పేను. పండగ పందేల కప్పు దానికి పనికిరాదు. రాష్ట్రం తరఫునో యూనివర్సిటీ తరఫునో ఆడిన కాగితం కావాలి. లీగులు రాకమునుపు కబడ్డీ కుర్రాడికి ఉన్న గమ్యం ఇదే: రైల్వేలు, మిలిటరీ, పోలీసు. ఇప్పటికీ లక్షల్లో ఒక్కడికి తప్ప మిగతావాళ్లకి గమ్యం అదే. కోట్ల పాట చూసి మనం ఆ సంగతి మరిచిపోతున్నాం.

పందేలు చూడడానికి వచ్చిన నా క్లాసు ఆడపిల్ల ఒకర్తె, తనూ కాలేజీ జట్టులో ఆడుతుంది, ఆ వారంలోనే వరండాలో ఆపి అడిగింది: "మేష్టారూ, ఆయన మా ఆట ఎందుకు సూడనేదు?" జవాబు సులువే. చూసినా రాయడానికి ఆయన దగ్గర ఆడవాళ్ల జట్టు లేదు. 2016లో మూడు జట్లతో ఆడవాళ్ల కబడ్డీ పోటీ ఒకటి పెట్టేరు. ఆ ఒక్క ఏడాదితో సరి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు 26-25తో బంగారు పతకం తెచ్చినా ఆ పోటీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఈ జవాబు చెబితే ఆ పిల్ల, "అలగా," అని తల ఊపి లైబ్రరీలోకి వెళ్లిపోయింది. మొగపిల్లల సంగతి ఇంత విస్తారంగా రాస్తూ ఈ పిల్లకి ఏడెనిమిది వాక్యాలే ఇస్తున్నాను. రాయడానికి అంతకన్నా ఏమీ జరగలేదు గనక.

ఏప్రిల్లో సంతకవిటి కుర్రాడికి పిలుపు వచ్చింది. ఉత్తరాదిని ఎక్కడో మూడువారాల శిబిరం. రైలు టిక్కెట్టు వాళ్లే పంపేరు. అన్నం బదులు రొట్టెలు, తెలుగు బదులు హిందీ, మట్టి బదులు మ్యాటు. అక్కడ నలభైమంది పైచిలుకు కుర్రాళ్లు, అందరూ తమతమ ఊళ్లలో మేటివాళ్లే. అందులోంచి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వీడు మిగల్లేదు. 'కాళ్లు బాగున్నాయి. అయిదు కిలోలు పెరిగి వచ్చే ఏడు రా' అన్నారట. జూనియర్ పోటీలకి వయస్సుతోబాటు బరువుకీ హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటకూడదని ఇన్నాళ్లూ పస్తులున్న కుర్రాణ్ణి ఇప్పుడు బరువు పెరగమంటున్నారు. తినమన్నవాళ్లు తిండికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

చిక్కు ఇంటికి వచ్చేక వచ్చింది. హాజరు నూటికి 75 ఉండాలి. వాడికి 61 ఉంది. యూనివర్సిటీ పోటీకి వెళ్తే హాజరు కలుపుతారు, సంఘం పోటీకి వెళ్తే కలుపుతారు. జట్టు వాళ్ల సొంత శిబిరానికి వెళ్లినట్టు కాగితం ఏదీ లేదు, అడిగితే అలాంటివి ఇచ్చే అలవాటు లేదన్నారు. నేను రెండు ఉత్తరాలు రాసేను, ముగ్గురు అధికారుల గదుల ముందు నిలబడ్డాను. నిబంధన నిబంధనే అన్నారు. ఆ సెమిస్టరు పరీక్షలకి వాణ్ణి కూర్చోనివ్వలేదు. కుర్రాణ్ణి మూడువారాలు తీసుకువెళ్లినవాళ్లు ఒక కాగితమ్ముక్క ఇవ్వడానికి ఏం అడ్డమో ఇప్పటికీ నాకు బోధపడదు. కోట్లు పాడేచోట కాగితానికి కరువా?

మే 31, జూన్ 1 తేదీల్లో బొంబాయిలో వేలంపాట జరిగింది. మా హాల్లో టీవీ ముందు ఇద్దరు కుర్రాళ్లూ కూర్చున్నారు. ఇరానీ ఆటగాడు షాద్లూయిని గుజరాత్ 2 కోట్ల 23 లక్షలకి పాడింది. తరవాత పర్‌దీప్ నర్వాల్ పేరు వచ్చింది. లీగు చరిత్రలో అందరికన్నా ఎక్కువ రైడు పాయింట్లు తెచ్చినవాడు, 2021లో మన రాజాం వారి యూపీ యోధా 1 కోటి 65 లక్షలిచ్చి కొనుక్కున్నవాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. కొద్దిరోజుల్లోనే ఆట మానేస్తున్నట్టు ప్రకటించేడు. వంగర కుర్రాడు టీవీనుంచి కళ్లు తిప్పకుండా, "అదేటి మేష్టారూ, ఆయన్ని కూడా ఒదిలేసేరేటి?" అన్నాడు. సంతకవిటి కుర్రాడు ఏమీ అనలేదు. అయితే ఆ రాత్రి మా ఇంట్లో అన్నం మూడుసార్లు వడ్డించుకున్నాడు. మా ఆవిడ అయిదు కిలోల మాట సీరియస్‌గా తీసుకుంది.

ఆగస్టు 29న సీజను విశాఖపట్నంలో మొదలైంది. టైటాన్స్‌కీ తమిళ జట్టుకీ మొదటి ఆట. ఇద్దరూ బస్సులో వెళ్లి చూసి వచ్చేరు. ఆ సంవత్సరం దాకా టైటాన్స్‌కి కప్పు రాలేదు. అయినా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. సోమవారం హాజరు పిలుస్తూంటే వంగర కుర్రాడు చెయ్యెత్తేడు గాని గొంతు పెగల్లేదు. ఎలా ఉందిరా అన్నాను. టిక్కెట్టు చివరి వరసదట, ఆటగాళ్ల ముఖాలు కనిపించలేదట. "కాళ్లు కనిపించేయి సార్," అన్నాడు సంతకవిటి కుర్రాడు. వాడు క్లాసులో తనంతట తాను మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

వంగర కుర్రాడు ఇప్పుడు సంతరోజు కూడా క్లాసుకి వస్తున్నాడు. తెల్లవారుజామున మూడింటికి మిల్లుకి వెళ్లి మూటలు దించి, స్నానం చేసి వస్తాడు. మూడో గంటకి కళ్లు మూతలు పడుతూంటాయి, నేను చూడనట్టు ఊరుకుంటాను. మొన్న బజార్లో వాళ్ల నాన్న కనిపించి, యూనివర్సిటీ జట్టు ఎంపిక ఎప్పుడని అడిగేడు. తేదీ చెప్పేను. వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

"ఒక్క ఏడు సూస్తాను బావూ. మూటలు ఎక్కడికీ పోవు."

అని, ఎంపికకి ఆధార్ కార్డు కావాలా, పుట్టిన తేదీ సర్టిఫికెట్టు కావాలా అని అడిగేడు. రెండూ కావాలన్నాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు వాళ్ల దగ్గర లేదట. మర్నాడు పొద్దున్నే తనతో పంచాయతీ ఆఫీసుకి రమ్మన్నాడు. వెళ్లేం. గుమస్తా సెలవులో ఉన్నాడు. సోమవారం రమ్మన్నారు.